ఎంబీఏనా, పీజీడీఎమ్మా?

కాళేశ్వరం, మహదేవ్‌పూర్ వైపు బీకాం పూర్తి చేసిన పిల్లలు ఐసెట్ ర్యాంకు రాగానే అడిగే మాట ఒకటే: ఎంబీఏలో చేరాలా, పీజీడీఎంలో చేరాలా? ఈ తికమక పాఠాల తేడా వల్ల వచ్చింది కాదు. చట్టం తెచ్చిపెట్టింది.

ఎంబీఏ 1908లో అమెరికాలోని హార్వర్డ్‌లో మొదలైంది. తెలుగునాట ఆంధ్రా విశ్వవిద్యాలయం 1957లోనే ఆ కోర్సు పెట్టింది. ఆ తర్వాత నాలుగేళ్లకు కలకత్తా, అహ్మదాబాద్‌లలో ఐఐఎంలు వచ్చాయి. అవి సొసైటీలే గాని విశ్వవిద్యాలయాలు కావు. 1956 నాటి యూజీసీ చట్టం ప్రకారం డిగ్రీ ఇచ్చే హక్కు విశ్వవిద్యాలయాలకు, చట్టం ఆ అధికారమిచ్చిన సంస్థలకే ఉంది. అందుకే ఐఐఎంలలో దేశమంతా ఎగబడే చదువు చదివినా చేతికొచ్చేది పీజీడీఎం అనే డిప్లొమా కాగితమే. 2017 నాటి ఐఐఎం చట్టం 2018 జనవరి 31న అమల్లోకి వచ్చాకే అవి ఎంబీఏ పట్టా ఇవ్వగలిగాయి. ఈలోపు ఆ డిప్లొమాకు వచ్చిన మంచిపేరు ప్రైవేటు కాలేజీలకు బాగా కలిసొచ్చింది. అఖిల భారత సాంకేతిక విద్యా మండలి (ఏఐసీటీఈ) అనుమతితో నడిచే పీజీడీఎంలలో గట్టివి ఉన్నాయి, బోర్డు తప్ప ఇంకేమీ లేనివీ ఉన్నాయి.

భూపాలపల్లి బొగ్గు గనుల పక్కన పెరిగినవాళ్లకు మూడో దారి ఒకటి తెలిసే ఉంటుంది: కార్మిక సంక్షేమం. 500 మంది, అంతకు మించి కార్మికులున్నచోట సంక్షేమాధికారి ఉండాలని 1948 ఫ్యాక్టరీల చట్టం చెప్పింది. 1955 గనుల నియమాలు గనులకూ అదే లెక్క పెట్టాయి. ఆ కొలువుకు తగ్గ మనుషులను తయారుచేసే చదువులకు అప్పటికే పునాది పడి ఉంది: బొంబాయిలో 1936లో టాటాల సోషల్ వర్క్ స్కూలు, 1949లో జంషెడ్‌పూర్‌లో ఎక్స్‌ఎల్‌ఆర్‌ఐ. క్వార్టర్లు, క్యాంటీన్లు, యూనియన్లతో పేచీలు చూసుకునే ఆ విద్యే పర్సనల్ మేనేజ్‌మెంట్ అయింది. ఇప్పుడు హెచ్‌ఆర్ అంటున్నారు. అందుకే గనుల సంస్థల నోటిఫికేషన్లలో ఎంబీఏ హెచ్‌ఆర్ పక్కనే సోషల్ వర్క్ పీజీ అయిన ఎంఎస్‌డబ్ల్యూ కూడా కనబడుతుంటుంది. కార్మికుల బస్తీలో పుట్టి పెరిగిన పిల్లకు, ఫైనాన్స్ మోజులో పడ్డ పట్నం కుర్రాడి కంటే ఈ పని బాగా తెలుసని నా నమ్మకం.

ఈ చదువులకు ఇంత దూరం నుంచి హైదరాబాద్ దాకా పోనక్కర్లేదు; 1976లో ఏర్పడిన కాకతీయ విశ్వవిద్యాలయం వరంగల్‌లోనే ఉంది. ఐసెట్ కన్వీనర్ సీటైతే అర్హులకు ఫీజు రీయింబర్స్‌మెంటూ ఉంటుంది. పీజీడీఎంకే మొగ్గితే మాత్రం, దాన్ని ఎంబీఏతో సమానంగా భారత విశ్వవిద్యాలయాల సంఘం (ఏఐయూ) గుర్తించిందో లేదో డబ్బు కట్టకముందే తేల్చుకోవాలి. లెక్చరర్ కావాలన్నవాళ్ల సంగతి వేరు. జూనియర్ కాలేజీ కామర్స్ పోస్టుకు ఎంకాం అడుగుతారు, అక్కడ ఎంబీఏ ఎంత పెద్ద కాలేజీదైనా చెల్లదు.