తల్లి అడిగిన ప్రశ్న, ఢిల్లీ ఇచ్చిన జవాబులు

2019 జనవరి 29న ఢిల్లీ తల్కటోరా స్టేడియంలో జరిగిన ‘పరీక్షా పే చర్చా’లో ఒక తల్లి ప్రధాని నరేంద్ర మోదీకి తన గోడు చెప్పుకున్నది. ఒకప్పుడు చక్కగా చదివే కొడుకు ఆన్‌లైన్ ఆటలకు అలవాటు పడ్డాడు, ఏం చేయాలో పాలుపోవడం లేదన్నది ఆమె బాధ. పిల్లవాడు పబ్జీ ఆడేవాడా అని ప్రధాని ఎదురడిగారు. సభ నవ్వింది. సాంకేతికతకు పిల్లలను దూరం చేయడం సరికాదనీ, దాన్ని మంచివైపు మళ్లించేలా తల్లిదండ్రులే వారితో మాట్లాడాలనీ ఆ తర్వాత ఆయన సలహా ఇచ్చారు.

ఆ ప్రశ్న రాజధానికి చేరడం అదే మొదటిసారి కాదు, చివరిసారీ కాదు. 2017 నుంచి ఏదో ఒక రూపంలో అది ఢిల్లీ తలుపు తడుతూనే ఉంది. ప్రభుత్వం ప్రతిసారీ ఏదో ఒక జవాబు ఇచ్చింది. అయితే అడిగిన ప్రశ్నకు కాక, తనకు అలవాటైన మరో ప్రశ్నకు ఇచ్చింది.

మొదటి ఘట్టం బ్లూ వేల్. 2017 వేసవి తర్వాత దేశంలో జరిగిన కొన్ని బాలల మరణాలను ఈ ‘సవాలు’తో ముడిపెడుతూ వార్తలు వెల్లువెత్తాయి. ఆగస్టులో కేంద్ర ఐటీ శాఖ గూగుల్, ఫేస్‌బుక్, వాట్సాప్ తదితర సంస్థలకు ఆ లింకులు తొలగించమని లేఖ రాసింది. వ్యవహారం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. చివరికి సెర్ట్-ఇన్ అధిపతి నేతృత్వంలోని కమిటీ విచారణలో ఏ మరణంలోనూ బ్లూ వేల్ ప్రమేయం నిర్ధారణ కాలేదని ప్రభుత్వం 2018 జనవరిలో లోక్‌సభకు తెలిపింది. పుకారు చల్లబడింది. దానితో పాటే, ముక్కూమొహం తెలియని వారు పిల్లలను తెర మీద ఎలా చేరుకుంటున్నారన్న అసలు చర్చ కూడా చల్లబడింది.

రెండవ ఘట్టం పబ్జీ. 2019 మార్చిలో రాజ్‌కోట్ పోలీసులు ఆటను నిషేధించి, ఆడుతున్న కొందరు యువకులను అరెస్టు చేశారు. శిక్ష ఆడినవారికే పడింది. ఏడాది తిరగకుండా కరోనా వచ్చి బడులు మూతపడ్డాయి. అంతవరకు ‘ఫోను ముట్టుకోవద్దు’ అన్న తల్లిదండ్రులే పాఠాల కోసం పిల్లల చేతికి ఫోను ఇవ్వవలసి వచ్చింది. పాఠం వచ్చే తెర మీదికే ఆట కూడా వచ్చింది. అటువంటి సమయంలో, 2020 సెప్టెంబరు 2న, కేంద్రం పబ్జీ సహా 118 యాప్‌లను నిలిపివేసింది. చాలా ఇళ్లలో తల్లిదండ్రులు ఊపిరి పీల్చుకున్నారు. కానీ ఉత్తర్వుకు ఆధారం ఐటీ చట్టంలోని 69ఏ సెక్షను. చెప్పిన కారణాలు దేశ సార్వభౌమత్వం, రక్షణ, ప్రజాశాంతి. గల్వాన్ ఘర్షణ తర్వాత చైనాకు పంపిన సందేశం అది. పిల్లల నిద్ర, చదువు, భద్రత ఆ ఉత్తర్వుకు కారణాలు కావు.

కారణం వేరు గనుక, ఆట తిరిగి రావడానికి అడ్డంకి కూడా లేకపోయింది. 2021 జులైలో అదే కొరియా సంస్థ బీజీఎంఐ పేరుతో దాన్ని మళ్లీ విడుదల చేసింది. 18 ఏళ్లలోపు వారికి రోజుకు మూడు గంటలు, ఖర్చు రోజుకు 7,000 రూపాయలు మించరాదని తానే పరిమితి పెట్టుకున్నది. ఆ లెక్కన ఒక బాలుడు నెలకు రెండు లక్షలు దాటి ఖర్చు పెట్టినా నిబంధన ఉల్లంఘించినట్లు కాదు. 2022 జులైలో ఆ ఆట కూడా ఆగింది. 2023 మేలో తిరిగి వచ్చింది.

మూడవ ఘట్టం ఢిల్లీ హైకోర్టుది. ఆన్‌లైన్ ఆటల వ్యసనం నుంచి పిల్లలను కాపాడేందుకు జాతీయ విధానం కావాలంటూ ఒక స్వచ్ఛంద సంస్థ వేసిన పిటిషనుపై, ఆ వినతిని పరిశీలించి నిర్ణయం తీసుకోమని 2021 జులైలో కోర్టు కేంద్రానికి చెప్పింది. విధానం రాలేదు. డిసెంబరులో విద్యాశాఖ నుంచి ఒక సూచనల పత్రం వచ్చింది. అనుమతి లేకుండా కొనుగోళ్లు చేయనివ్వవద్దు, సొంత వివరాలు చెప్పనివ్వవద్దు, అపరిచితులతో మాట్లాడనివ్వవద్దు, తప్పు జరిగితే స్క్రీన్‌షాట్ తీసి ఫిర్యాదు చేయండి. ఇందులో చెడు సలహా ఒక్కటీ లేదు. అయితే ఇవి తల్లిదండ్రులకూ ఉపాధ్యాయులకూ చెప్పినవి. ఆట తయారుచేసి లాభపడే సంస్థకు చెప్పినవి కావు.

ఆ అపరిచితుడి ప్రశ్న 2023లో రాజధాని గుమ్మంలోనే ఎదురైంది. ఆన్‌లైన్ ఆటలో పరిచయమై, ఆపై చాట్ ద్వారా ఒక మైనరు బాలుణ్ని మతమార్పిడి వైపు తిప్పారన్న ఆరోపణపై ఘాజియాబాద్ పోలీసులు కేసు పెట్టి, జూన్‌లో మహారాష్ట్రలో ఒక యువకుణ్ని అరెస్టు చేశారు. ఆరోపణ నిజానిజాలు న్యాయస్థానం తేల్చవలసినవి. టీవీ చర్చలు మాత్రం మతం చుట్టూనే తిరిగాయి. ఒక పెద్దవాడు బాలుడి చెవి దాకా రాగలిగే దారి ఆటలో ఎందుకు తెరిచి ఉందన్నది వెనుకబడిపోయింది. ఆ దారిన మతం పేరుతో రాగలిగినవాడు డబ్బు కోసమో, అంతకంటే హీనమైన పనికోసమో కూడా రాగలడు.

ఇక 2025 ఆన్‌లైన్ గేమింగ్ చట్టం. ఆగస్టు 20న లోక్‌సభ, 21న రాజ్యసభ ఆమోదించగా 22న రాష్ట్రపతి సంతకం పడింది. డబ్బు పెట్టి ఆడే ఆటలను అది నిషేధించింది. ఈ దారిలో తెలంగాణ 2017లోనే, ఆంధ్రప్రదేశ్ 2020లో నడిచాయి. రమ్మీలో కొంపలు మునిగిన కుటుంబాలకు ఇది అవసరమైన చట్టమే. కానీ అది గీసిన గీత డబ్బుది. పందెం లేని ‘సోషల్ గేమ్స్’ను, ఈ-స్పోర్ట్స్‌ను అది ప్రోత్సహించవలసిన వైపు ఉంచింది. పిల్లలు అపరిచితులతో జట్టు కట్టి, హెడ్‌ఫోన్లో మాట్లాడుతూ ఆడే ఆటలు ఎక్కువగా ఉన్నది ఆ వైపే.

సంస్థలను నేరుగా తాకే నిబంధన 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టంలో ఉంది. 18 ఏళ్లలోపు వారి సమాచారం తీసుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతిని ధ్రువీకరించుకోవాలి, పిల్లల కదలికలను వెంబడించి ప్రకటనలు చూపరాదు. నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి. అమలుకు 18 నెలల గడువు ఇచ్చారు. మంచి అడుగే. కానీ అది సమాచారానికి కాపలా, సంభాషణకు కాదు. తండ్రి ఫోనుకు వచ్చిన ఓటీపీని కొడుకే చూసి కొట్టే ఇళ్లలో ఆ అనుమతి ఏపాటిదో ఊహించవచ్చు.

చైనా 2021లో మైనర్లకు శుక్ర, శని, ఆదివారాలు, సెలవు రోజుల్లో గంట చొప్పున మాత్రమే ఆటను అనుమతించి, ఆ భారం సంస్థల మీద పెట్టింది. దక్షిణ కొరియా పదేళ్ల పాటు అర్ధరాత్రి ఆటను ఆపి చూసి, చివరకు ఆ చట్టాన్ని రద్దు చేసుకుంది. ప్రజాస్వామ్యంలో చైనా దారి పనికిరాదు. గడియారం ఒక్కటే చాలదని కొరియా అనుభవం చెబుతోంది. అయినా ఆ రెండు దేశాలు జవాబు చెప్పమన్నది ఆట నడిపేవారిని.

పిల్లవాడు ఎంతసేపు ఆడాలో ఇల్లు నిర్ణయించుకోగలదు. రాత్రి పదకొండుకు ఆటలో వాడితో మాట్లాడుతున్న గొంతు ఎవరిదో తెలుసుకోవడం నోయిడా ఫ్లాటులోని తల్లికైనా, నల్గొండలోని తల్లికైనా సాధ్యం కాదు. అది తెలిసేది సర్వరు నడిపేవారికి, వారిని అడగగల ప్రభుత్వానికి. పిల్లల ఖాతాలకు అపరిచితుల మాట మొదటి నుంచే మూసి ఉంచాలని, ఫిర్యాదుకు ఇన్ని గంటల్లో బదులివ్వాలని ఒక నియమం రాయడానికి సరిహద్దు ఉద్రిక్తత అక్కరలేదు, వేల కోట్ల నష్టం లెక్క అక్కరలేదు. తల్కటోరాలో ఆ తల్లి అడిగింది చాలు.