దూరపు స్టేషన్ల గొంతు

ఖరగ్‌పూర్ తాల్‌బగీచాలో తెలుగు రేడియో ఎప్పుడూ దూరాభారం మీదే వచ్చింది. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే రోజుల్లో శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వర్క్‌షాపు పనికి వచ్చిన మావాళ్ళు భాషనీ, పండగల్నీ, చింతపండునీ వెంట తెచ్చుకున్నారు గానీ స్టేషన్ని తేలేరు కదా. ముల్లు తిప్పితే పగలంతా కలకత్తా, కటక్. తెలుగు కావాలంటే షార్ట్‌వేవ్‌లో రేడియో సిలోన్, అందులో మీనాక్షి పొన్నుదురై గొంతు. చీకటిపడ్డాక మీడియం వేవ్‌లో 927 మీద విశాఖపట్నం, 837 మీద విజయవాడ. విశాఖ కేంద్రం 1963లో మొదలైంది. అంతకుముందు మా పెద్దలకు విజయవాడే దిక్కు.

గోల్‌బజార్‌లో రేడియోలు బాగుచేసే బల్ల దగ్గరే నా వయసంతా గడిచింది. సెట్టు తెచ్చినవాళ్ళు చెప్పే జబ్బు ఒకటే. ‘ఏటి బావా, వైజాగు ఒకపాలి గట్టిగా వస్తాది, ఒకపాలి ములిగిపోతాది, సెట్టుకేటో అయిపోనాది.’ సెట్టుకేమీ కాలేదని చెప్పడానికే నా ఓపిక సగం ఖర్చయ్యేది. రాత్రిపూట ఆ తరంగాలు ఆకాశంలోని అయనోస్ఫియర్‌కి తగిలి కిందికి దిగుతాయి. ఆ పొర నిలకడగా ఉండదు, గొంతూ నిలకడగా ఉండదు. పైగా మీడియం వేవ్‌లో స్టేషన్‌కీ స్టేషన్‌కీ మధ్య ఎడం 9 కిలోహెర్ట్జులే. పక్క స్టేషన్ చొరబడకుండా సెట్టు కోతపెట్టగా, 4 కిలోహెర్ట్జుల పైనున్న శబ్దం పెద్దగా మిగలదు. సకారానికీ శకారానికీ తేడా మనం ఊహించుకోవలసిందే.

అయినా ఆ గొంతుల్లో ఎత్తుపల్లాలు మిగిలేవి. విజయవాడ నుంచి ఉషశ్రీ రామాయణం చెబుతుంటే గొంతు దించవలసిన చోట దించేవాడు, గర్జించవలసిన చోట గర్జించేవాడు. కంట్రోల్ రూములో ఒక మనిషి మీటరు ముల్లు చూస్తూ ఫేడర్ మీద చెయ్యి వేసి కూర్చునేవాడు. ట్రాన్స్‌మిటర్ దగ్గర లిమిటర్ ఉండేది, నిజమే. దాని పని శబ్దం హద్దు దాటకుండా కాపలా కాయడం, అంతే. దించిన గొంతును పైకి లాగే పెత్తనం దానికి లేదు. మాకు కష్టమంతా అక్కడే వచ్చేది. ఉషశ్రీ గొంతు దించగానే మా ఇంట్లో గరగర తప్ప ఇంకేమీ వినిపించేది కాదు.

మన దేశంలో ఎఫ్.ఎం. 1977లో మద్రాసులో మొదలైంది. మా వైపు దాని హడావుడి 2003లో, కలకత్తాలో ప్రైవేటు స్టేషన్లు వచ్చాక గానీ తెలియలేదు. కలకత్తా మాకు నూటపదిహేను కిలోమీటర్ల పైమాటే. మిద్దె మీద యాంటెనా కట్టి ఆ వైపు తిప్పుకుంటే అందేది. స్టీరియోలో పెడితే బుస, మోనో బటన్ నొక్కితే హాయి. స్టీరియో శుభ్రంగా వినబడాలంటే మోనోకన్నా దాదాపు 20 డెసిబెల్స్ మెరుగైన సిగ్నల్ కావాలి మరి. అప్పుడే గమనించాను: అంత దూరం నుంచి వచ్చినా ప్రైవేటు స్టేషన్ల పాట గదిలో నిండుగా ఉండేది, ఆకాశవాణి ఎఫ్.ఎం. నెమ్మదిగా వినబడేది.

ఆ తేడా ట్రాన్స్‌మిటర్‌ది కాదు, దాని ముందుండే ప్రాసెసర్ అనే పెట్టెది. ఎఫ్.ఎం.లో క్యారియర్ అటు 75, ఇటు 75 కిలోహెర్ట్జులు దాటి ఊగకూడదని నియమం. ధాన్యం కొలిచేవాడు కుంచం అంచు పెంచలేడు గానీ కుదిపి కుదిపి గింజలు ఎక్కువ పట్టిస్తాడు. ప్రాసెసర్ చేసేదీ అదే. మొదట ఏ.జి.సి. మొత్తం స్థాయిని నెమ్మదిగా సరిచేస్తుంది. తర్వాత శబ్దాన్ని నాలుగైదు బ్యాండ్లుగా విడదీసి దేనికదిగా అదుముతారు. అలా విడదీయకపోతే మృదంగం దెబ్బ పడ్డప్పుడల్లా పాడేవాడి గొంతు కూడా కుంగుతుంది. ఆఖర్న క్లిప్పర్, ఇంకా మిగిలిన కొనల్ని కోసేస్తుంది. అమెరికాలో రాబర్ట్ ఓర్బన్ 1975లో లిమిటర్‌నీ స్టీరియో జనరేటర్‌నీ ఒకే పెట్టెలో కలిపి ఆప్టిమాడ్ తెచ్చాడు. అంతకుముందు లిమిటర్ సరిచేసి పంపిన శబ్దం 15 కిలోహెర్ట్జుల ఫిల్టరు దాటేసరికి మళ్ళీ హద్దు మీరేది. ఆ భయంతో ఇంజనీర్లు స్థాయి తగ్గించి నడిపేవారు. ఓర్బన్ పెట్టెతో ఆ భయం తీరింది, గట్టిదనం కోసం పోటీ ముదిరింది.

ఇందులో ఇంకో మెలిక ఉంది. ఎఫ్.ఎం.లో బుస తగ్గించడానికి పై స్వరాలను స్టేషన్లో పెంచి పంపుతారు, సెట్టు వాటిని మళ్ళీ తగ్గించుకుంటుంది. ఆ లెక్క మన దేశంలో 50 మైక్రోసెకన్లు, అమెరికాలో 75. ఒకసారి మా వీధి మాస్టారు కొడుకు అమెరికా నుంచి మంచి సెట్టు పంపాడు. ‘ఖరీదైనదే, గుడ్డ కప్పినట్టు పాడుతుందేమయ్యా’ అని మాస్టారు నా బల్ల మీద పెట్టారు. విప్పి చూస్తే 7.5 కిలో ఓమ్‌ల రెసిస్టర్, 0.01 మైక్రోఫారడ్ కెపాసిటర్: అచ్చంగా 75. రెండు చానళ్ళలోనూ కెపాసిటర్లు తీసి 0.0068వి వేశాను, 51కి దిగింది. తాళాలు గలగలమన్నాయి. మాస్టారు టీ ఇప్పించారు, డబ్బులు మాత్రం తర్వాత అన్నారు.

పై స్వరాలను పెంచి పంపడం వల్లే లిమిటర్ ముందుగా సకారాల మీదా తాళాల మీదా పడుతుంది. మరీ బిగించిన స్టేషన్లో ‘స’ ఉమ్మినట్టు వినబడుతుంది. అనౌన్సర్ మాట ఆపగానే ఊపిరీ, స్టూడియో ఏ.సి. రొదా పైకి తేలతాయి. ఘంటసాల పాత పాట వేస్తే రెండు చరణాల మధ్య రికార్డు గీతల చప్పుడు పాటంత ఎత్తుకు లేస్తుంది. ఈ కాలం పాటలు సీడీకి ఎక్కేటప్పుడే అదిమి ఉంటాయి, వాటిని మళ్ళీ అదిమితే మిగిలేది గోల.

అయినా నేను ప్రాసెసర్ని తిట్టను. పట్నంలో ట్రాన్స్‌మిటర్ పక్కన ఉండేవాడికి దాని అవసరం తక్కువ, కానీ దాని దెబ్బంతా తగిలేది వాడికే. సిగ్నల్ అంచున ఉన్న మాలాంటివాళ్ళకూ, వర్క్‌షాపు రొదలో పాట వినేవాళ్ళకూ ఆ అదుముడే గొంతును బుస పైకి తెచ్చింది. ఆనాడు విజయవాడలో కొంచెమైనా అదిమి ఉంటే ఉషశ్రీ దించిన గొంతు మాకూ దక్కేది. ఆ పెట్టెకు బిగింపు ఎంత ఉండాలో తేల్చేటప్పుడు స్టేషన్లు తలచుకున్నది పోటీవాడిని, వినేవాడిని కాదు. నా తగాదా అక్కడే.

2024లో కేంద్రం 234 కొత్త ఊళ్ళలో ప్రైవేటు ఎఫ్.ఎం.కు అనుమతించింది. ఆ జాబితాలో ఖరగ్‌పూర్ కూడా ఉంది. ఇక్కడ స్టేషన్ పెట్టేవారికి నా విన్నపం రెండు ముక్కలు. ట్రాన్స్‌మిటర్ ఊళ్ళోనే ఉంటుంది కాబట్టి బిగింపు సగానికి తగ్గించండి. రోజుకో గంట తెలుగు వేయండి.