మూడు సెల్లుల లైటు చెప్పే చరిత్ర

మన చరిత్ర అనగానే తిరుగుబాట్లు, వీరులు, అటవీ చట్టాలు గుర్తుకొస్తాయి. అవి రాయాల్సిందే. కానీ మన ఇళ్లలో చూరుకు వేలాడిన వస్తువులకూ చరిత్ర ఉంది. అలాంటి వస్తువుల్లో ఒకటి ఇత్తడి గొట్టంతోనో ఇనప రేకుతోనో చేసిన పాత టార్చిలైటు. కొన్ని గూడేల్లో దాన్ని బ్యాటరీ లైటు అంటాం. కొత్త లైట్లు ఎన్ని వచ్చినా పెద్దవాళ్లు దాన్ని ఎందుకు పారేయలేదో ఆలోచిస్తే మన రాత్రుల చరిత్ర కొంత తెలుస్తుంది.

అది రాకముందు మనకు కొరకంచు, కాగడా, ఇప్పనూనె దీపం ఉండేవి. తర్వాత కిరసనాయిలు బుడ్డి, లాంతరు వచ్చాయి. బుడ్డి గాలికి ఆరిపోయేది. లాంతరు గాలికి నిలిచినా వెలుగు కాళ్ల చుట్టూనే ఉండేది. మంచె మీద పోడు చేను కాసేవాళ్లకు చేను అంచున కదిలే అడవిపంది కనపడాలి. వేకువనే ఇప్పపువ్వు ఏరడానికి వెళ్లే ఆడవాళ్లకు చెట్టు కింద ఎలుగుబంటి ఉందో లేదో దూరం నుంచే తెలియాలి. వానాకాలం కాలిబాటలో పాము మీద అడుగు పడకూడదు. ఈ అవసరాలన్నిటికీ దూరం పడే వెలుగు కావాలి. దాన్ని తెచ్చింది టార్చిలైటే.

గొట్టం ఆకారపు చేతిలైటుకు 1899 జనవరిలో అమెరికాలో డేవిడ్ మిసెల్ అనే ఆయన పేరున పేటెంటు వచ్చింది. అప్పటి సెల్లులు బలహీనమైనవి. కాసేపు వెలిగించి ఆపాల్సి వచ్చేది. అందుకే అమెరికావాళ్లు దాన్ని మెరుపు దీపం అనే అర్థంలో ఫ్లాష్‌లైట్ అన్నారు. ఇంగ్లండువాళ్లు కాగడాకు ఉన్న తమ పాత మాటనే దీనికీ పెట్టి టార్చి అన్నారు. వాళ్ల పాలనలో ఆ మాటే మనకూ వచ్చింది. మన దేశంలో ఎవరెడీ సెల్లుల వ్యాపారం 1905లో దిగుమతులతో మొదలైంది. 1958లో లక్నోలో టార్చిలైట్ల ఫ్యాక్టరీ పెట్టారు. అవి సంతల దాకా చేరాక, చింతపండు, కరక్కాయలు అమ్మిన డబ్బుతో మనమూ కొన్నాం.

ఆ లైటు అంతకాలం ఎందుకు నిలిచింది? ఒక్కసారి విప్పి చూస్తే తెలుస్తుంది. వెనక మూత, స్ప్రింగు, గొట్టం, మీట, బల్బు, అద్దం. అంతే. చాలా లైట్లలో గొట్టమే తీగ పని కూడా చేస్తుంది. సెల్లుల కరెంటు స్ప్రింగులోంచి, గొట్టం గోడలోంచి, మీట దాటి బల్బుకు చేరుతుంది. వెలగకపోతే వెతకాల్సిన చోట్లు నాలుగో అయిదో. చిలుము పడితే గరుకు కాగితంతో రుద్దుతాం. స్ప్రింగు వదులైతే సాగదీస్తాం, లేదా కింద రేకు మడిచి పెడతాం. బల్బు పోతే వెనక మూతలో దాచిన ఇంకో బల్బు తీస్తాం. పట్నం వెళ్లక్కర్లేదు, మెకానిక్కు అక్కర్లేదు. కింద పడితే సొట్ట పడుతుంది గాని పగలదు. బడికి వెళ్లని తాత కూడా దాన్ని పూర్తిగా అర్థం చేసుకున్నాడు.

అయితే ఈ కథను పొగడ్తగా మాత్రమే చెప్పకూడదు. గొట్టం మనదైనా సెల్లులు సంతవే. నీరసించిన సెల్లులను ఎండలో పెట్టేవాళ్లం. వేడికి లోపలి రసాయన చర్య కాస్త పుంజుకుని ఇంకో పూట వెలిగేది. కొత్తవి కొనాలంటే మళ్లీ అడవి సరుకు అమ్మాల్సిందే. సెల్లుకు పైడొప్ప అయిన జింకు రేకే లోపల కరుగుతూ కరెంటు ఇస్తుంది. అది చిల్లుపడితే రసం కారి గొట్టాన్ని తినేస్తుంది. అందుకే పెద్దలు వాడని రోజుల్లో సెల్లులు తీసి పక్కన పెట్టేవారు. లోపలి నల్లపొడిలో మాంగనీసు ఉంటుంది. మన విజయనగరం ప్రాంతంలో మాంగనీసు తవ్వకాలు 1890ల నుంచే ఉన్నాయి. ఆ నల్లపొడినే ఆకుపసరుతో కలిపి బడిలో నల్లబల్లకు పూసిన పిల్లలు ఎందరో. ఇంకొక సంగతి కూడా మరవకూడదు. ఎవరెడీ సెల్లులు తయారుచేసిన యూనియన్ కార్బైడ్ ఇండియా కంపెనీదే భోపాల్ పురుగుమందుల ఫ్యాక్టరీ కూడా. 1984 డిసెంబరులో అక్కడి విషవాయువుకు వేలమంది చనిపోయారు. మన బాటకు వెలుగిచ్చిన సెల్లు వెనక ఆ చరిత్ర కూడా ఉంది.

ఇప్పుడు ఎల్ఈడీ లైట్లు వచ్చాయి. వెలుగులో అవే మేలు. పాత బల్బు కరెంటులో ఎక్కువ భాగాన్ని వేడిగా పోగొడుతుంది. ఎల్ఈడీ తక్కువ కరెంటుతో ఎక్కువసేపు వెలుగుతుంది. ఈ మాట ఒప్పుకోవాలి. చిక్కు వెలుగుతో కాదు, డొప్పతో. చవక ప్లాస్టిక్ లైటులో ఛార్జింగు బ్యాటరీ లోపలే అతికి ఉంటుంది. అది పోయిందంటే లైటంతా పోయినట్టే. విప్పబోతే విరుగుతుంది. చివరికి వాగు గట్టున చెత్తలో కలుస్తుంది. పాత సెల్లులనూ అక్కడే పారేశాం, నిజమే. కానీ అప్పుడు గొట్టం మిగిలేది, దాన్ని బాగుచేసే చెయ్యి మిగిలేది. పాత గొట్టానికి సరిపోయే ఎల్ఈడీ బల్బు బిగించి వాడుకునేవాళ్లు కూడా ఉన్నారు. కొత్తదాన్ని మన షరతు మీద తీసుకోవడమంటే అదే.

పాత లైటు మీద పెద్దల మక్కువకు కారణం పాతకాలం మీద బెంగ ఒక్కటే కాదు. తాను వాడే వస్తువు లోపల ఏముందో తనకు తెలియాలి, చెడితే తన చేతుల్తో బాగుచేసుకోవాలి అనే పట్టుదల కూడా అందులో ఉంది. విల్లు, బుట్ట, నాగలి చేసుకున్న జాతులకు అది కొత్త గుణం కాదు.

యువతీయువకులు తమ ఇంట్లోనో పక్కింట్లోనో అలాంటి లైటు ఉంటే అడిగి తీసుకోండి. ఏ సంతలో కొన్నారు, ఏం అమ్మి కొన్నారు, దానితో ఏ దారుల్లో నడిచారు అని అడిగి రాసిపెట్టండి. ఉపాధ్యాయులు దాన్ని తరగతిలో విప్పించి, పిల్లల చేత మళ్లీ బిగించి వెలిగించమనండి. సైన్సు పాఠం, చరిత్ర పాఠం రెండూ ఆ గొట్టంలోనే దొరుకుతాయి. ఆ పెద్దలు ఉన్నప్పుడే అడగాలి.