మా యింటి పిస్తోలు

మన గ్రంథాలయ రజతోత్సవ సంచికకు ఒక చరిత్ర వ్యాసము వ్రాసి యిమ్మని కార్యదర్శిగారు నన్ను కోరినప్పుడు, ఏ శాసనమును గూర్చియో, మన చెరువు తూమును గూర్చియో వ్రాయుదునని వారు తలచియుందురు. కాని ఈ గ్రంథాలయమునకు నేను తీర్పవలసిన బాకీ యొకటి కలదు. చాల యేండ్ల క్రిందట మన లిఖితపత్రికలో నేనొక వ్యాసమును వ్రాసితిని. మా యింట తరతరములుగా నున్న పిస్తోలు 1857వ సంవత్సరపు సిపాయిల యలజడిలో ఒక దొర ప్రాణములు కాపాడినందుకు మా ముత్తాతగారి తండ్రికి బహుమానముగా వచ్చినదని అందు సగర్వముగా ప్రకటించితిని. ఆ వ్రాత తప్పు. లెక్కలు వ్రాసి బ్రతుకువాడు తప్పు పద్దును చెరిపివేయరాదు. కొట్టివేసి, ప్రక్కన సరియైన పద్దు వ్రాసి, క్రింద సంతకము చేయవలెను. ఈ వ్యాసము అట్టిది.

మేము పిస్తోలని పిలుచుచు వచ్చినది నిజమునకు రివాల్వరు. గుండ్రముగా తిరుగు గుండ్లగది యున్నది రివాల్వరు. శామ్యూల్ కోల్టు అను అమెరికా దేశస్థుడు ఇట్టి నిర్మాణమునకు 1835లో ఇంగ్లండునందును, 1836లో అమెరికాయందును పేటెంటు పొందెను. 1851లో లండను మహాప్రదర్శనమున అతని తుపాకులును, రాబర్టు ఆడమ్సు అను ఆంగ్లేయుని తుపాకులును పోటీపడినవి. 1856లో బోమాంటు అను సైనికోద్యోగి ఆడమ్సు తుపాకికి మరియొక మెరుగు చేర్చెను. 1857లో మన దేశమున తెల్ల యధికారుల నడుములందు వ్రేలాడినవి ముఖ్యముగా ఈ జాతులవే. వీని లక్షణము నొకదానిని చదువరులు గుర్తుంచుకొనవలెను. వానికి నేటి యిత్తడి తూటా లేదు. గుండ్లగది యొక్క ముందువైపునుండి మందును, సీసపు గుండును దట్టించి, వెనుకవైపు ప్రతి గదికిని ఉన్న చిన్న మొటిమపై రాగి టోపీని తొడిగెడివారు. గదుల వెనుకభాగము మూసియుండును. మా యింటి కథ యంతయు ఈ యొక్క విషయముపై కూలిపోయినది.

మా నాన్నగారు ఏటేట విజయదశమినాడు దానిని తోలు ఒరనుండి తీసి, చింతపండుతోను ఇటుక పొడితోను తోమించి, గంధము పూసి, కుంకుమ పెట్టి, కలము, గంటము, లెక్కల పుస్తకముల ప్రక్కన పూజలో నుంచెడివారు. పూజానంతరము తడిగుడ్డతో తుడిచి మరల ఒరలోనికి త్రోసెడివారు. ఇంతకంటె శత్రువు చేయగల కీడు లేదని నాకప్పుడు తెలియదు. చింతపండు పులుపు ఇనుమును తినును. ఇటుక పొడి అక్షరములను అరగదీయును. గంధమును కుంకుమయు చెక్కుడు గీతలలో చేరి చెమ్మను పట్టి యుంచును. ఇక తోలు ఒర వానకాలపు తేమనంతయు పీల్చుకొనును; తోలును పదను చేయుటకు వాడిన ద్రవ్యములలోని ఆమ్లము దానికి తోడగును. మా పిస్తోలునకు తుప్పు ఎక్కువగా పట్టినది ఒర తగిలిన ప్రక్కనే.

నాన్నగారు గతించినప్పుడు లైసెన్సు వారి పేరనే యుండెను. ఇట్టి సందర్భమున ఆయుధమును ఇంట ఉంచుకొనుట నేరము. 1959వ సంవత్సరపు ఆయుధముల చట్టము (ఇది 1962 అక్టోబరు 1వ తేదీనుండి అమలులోనికి వచ్చినది) ప్రకారము దానిని ఆలస్యము చేయక పోలీసు స్టేషనునందుగాని, లైసెన్సు గల ఆయుధ వర్తకునియొద్దగాని అప్పగింపవలెను. పాతదైనచో లైసెన్సుతో పనిలేదని మన పల్లెలలో చాలమంది అనుకొందురు. అది పొరపాటు. మరమ్మతు చేసినను చేయకున్నను తుపాకిగా పనికిరానట్టి పురాతన వస్తువునకు మాత్రమే చట్టము మినహాయింపు నిచ్చుచున్నది. పనిచేయునది ఎంత పాతదైనను తుపాకియే. 2019వ సంవత్సరపు సవరణవలన ఒక వ్యక్తి యుంచుకొనదగిన తుపాకుల సంఖ్య మూడునుండి రెండునకు తగ్గినది. వారసత్వముగా వచ్చినవియు ఆ లెక్కలోనే చేరును. నేను పట్టణమునందలి యొక వర్తకునియొద్ద దానిని అప్పగించి, రసీదు తీసికొంటిని. అచ్చట పనిచేయు వృద్ధుడైన మిస్త్రీ దానిని త్రిప్పి చూచి, "అయ్యా, దీనిని ఇట్లు తోమినవారెవరండీ?" అని యడిగెను. నేను తల వంచుకొంటిని.

తరువాతి నాలుగు ఆదివారములు వారి యనుమతితో ఆ దుకాణములోనే కూర్చుండి, ఆయన చేయుచుండగా చూచి, చెప్పిన మేరకు చేయి వేసితిని. ఆయన మొదట చేసినది శుభ్రము కాదు. గొట్టమును గోడవైపు త్రిప్పి, కుడిప్రక్కనున్న చిన్న తలుపును తెరచి, గుండ్లగదిని ఒక్కొక్క మెట్టు త్రిప్పుచు ఆరు గదులును కంటితో చూచి, పుల్లతో తడవి, ఖాళీయని నిశ్చయించుకొనుట. మందు దట్టించు పాతకాలపు తుపాకులైనచో ఇంకను భయము. తడి తగులని నల్లమందు నూరేండ్లకును చావదు. తెలియనివాడు అట్టిదానిని చేతబట్టనే కూడదు.

ఆ చిన్న తలుపును చూచినప్పుడే నా గుండె జారినది. గదులు ఈ కొననుండి ఆ కొనకు తూముల వలె తెరచియున్నవి. మూసిన వెనుకభాగమును లేదు, మొటిమలును లేవు. అనగా ఇది ఇత్తడి తూటాల కొరకు పుట్టినది. 1857నాటి ఆడమ్సును కాదు, కోల్టును కాదు. మిస్త్రీ దానిని వెబ్లీవారి ఆర్.ఐ.సి. నమూనాగా గుర్తించెను. ఐర్లండు పోలీసు దళమువారు 1868లో స్వీకరించుటచే దాని కాపేరు వచ్చినది. బర్మింగ్‌హాము నగరమున తయారగు ఈ జాతి రూపభేదములు ఆ తరువాత చాలకాలము వెలువడినవి. అయినను ఒక్క సాక్షి మాటపై తీర్పు చెప్పరాదని నేను పట్టుపట్టితిని. అందుచేత ముద్రలను చదువవలసి వచ్చినది. ముద్రలను చదువుటకు మురికి పోవలెను.

మురికి తీయుటలో ఆయన యోర్పు నాకు అద్భుతముగా తోచెను. ఇసుక కాగితము లేదు, నిమ్మకాయ లేదు, తళతళలాడించు పొడి యేదియు లేదు. కుట్టుమిషనుకు వేయు పలుచని నూనెను చుక్కలుగా వేసి, ఒక రాత్రి నానబెట్టి, మరునాడు పాత పంచెగుడ్డతో అద్దెడివాడు. కొబ్బరినూనె, నువ్వులనూనె, ఆముదము పనికిరావట. అవి కొన్నాళ్లకు జిగటయై ముదిరి, తామే ఇనుమును పాడుచేయును. అక్షరముల గాడులలో గడ్డకట్టిన కుంకుమను కొబ్బరి చీపురు పుల్లతో గీకితిమి. పుల్ల ఇనుముకంటె మెత్తన గనుక గీత పడదు. ఎఱ్ఱగా పొడిపొడిగా రాలునది బ్రతికియున్న తుప్పు, దానిని తీయవలెను; గోధుమవన్నెతో నున్నగా అంటియున్నది తుపాకి వయస్సు, దానిని ముట్టరాదు. ఈ భేదము నాకు చాల నచ్చినది. మరలను ఊడదీయుదమా యని యడుగగా ఆయన నా చేతిమీద కొట్టినంత పని చేసెను. సరిపడని స్క్రూడ్రైవరుతో ఒక్కసారి మర తల చెడినచో, ఇక అది యెన్నటికిని మానని గాయమే. పిడికి వేసిన అక్రోటు కొయ్యపై నూనె పడనీయలేదు. తుదకు అంతటను సన్నని మైనపు పూత వేసి, వట్టి చేతితో ముట్టవద్దని చెప్పెను. చేతి చెమటలో ఉప్పు కలదు. పురావస్తుశాలలలో వాడు ఇట్టి మైనమును బ్రిటిషు మ్యూజియమువారి ప్రయోగశాలలో 1950ల దశకమున సిద్ధపరచిరి.

మూడవ ఆదివారమున ముద్రలు కనబడినవి. ఆంగ్లదేశమున తుపాకిని అమ్మకమునకు ముందు పరీక్షాశాలలో అధికమైన మందుతో కాల్చి, పగులనిచో ముద్ర వేయుదురు. మన దస్తావేజుపై రిజిస్ట్రారు ముద్ర వంటిది. బర్మింగ్‌హాము పరీక్షాశాల 1813లో ఏర్పడినది. అచ్చటి పాతముద్రలలో కిరీటము క్రింద అడ్డముగా దాటిన రెండు రాజదండములుండును. మాదానిపై అవి లేవు. కిరీటము క్రింద బి.వి. అనియు, బి.పి. అనియు, ఎన్.పి. అనియు ఆంగ్లాక్షరములున్నవి. ఈ వరుస 1904వ సంవత్సరపు నిబంధనలతో వచ్చినది; కడపటిది పొగలేని మందునకు తట్టుకొన్నదని సూచించును. పాత తుపాకిని మరల పరీక్షింపించి క్రొత్తముద్ర వేయించుటయు కలదు గాని, అట్లయినచో పాతముద్రయు దాపున నుండవలెను. కనుక రెండవ సాక్షియు మొదటి సాక్షితో ఏకీభవించినట్లే.

గొట్టమునకు వెనుక పైపట్టీమీద అమ్మిన వర్తకుని పేరు చెక్కియుండెను. "మద్రాసు" అను మాట మాత్రము మిగిలినది. గడియారములకు ప్రసిద్ధికెక్కిన పి. ఓర్ అండ్ సన్స్ వారు మద్రాసులో తుపాకులను గూడ అమ్మెడివారు, మరికొందరును అమ్మెడివారు. మాది యెవరిదో ఆ పంక్తి చెప్పియుండును. దానిని ప్రతి విజయదశమికిని భక్తితో మేమే చెరిపివేసితిమి.

ఇంటికి వచ్చి అటుకమీది చిట్టాలను దింపితిని. కరణీకము చేసిన వంశము గనుక మా యింట కాగితమునకు కొదువ లేదు. కాని ఆ కట్టలను ఒక్కనాడును విప్పియుండలేదు. ఊరి లెక్కలన్నియు చూచుదును, ఇంటి లెక్క చూడను! మా ముత్తాతగారి చేతివ్రాతలో సాధారణ నామ సంవత్సరమున, అనగా 1910-11లో, "మద్రాసునుండి తెప్పించిన పిస్తోలు నిమిత్తము" అని యొక పద్దును, దాని క్రిందనే లైసెన్సు రుసుమును కనబడినవి. పైకము అంకెలు చెమ్మకు అలికిపోయినవి. బహుమానము కాదు, కొనుగోలు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. కథ పోయినందుకు మాత్రమే కాదు. ఆ లైసెన్సు 1878వ సంవత్సరపు ఆయుధముల చట్టము క్రిందిది. లిట్టను ప్రభువు కాలమున, దేశభాషా పత్రికల నోరు నొక్కిన యేటనే, ఆ చట్టమును చేసిరి. తెల్లవారికి దానినుండి మినహాయింపు. మనవారికి దొరతనమువారి దయ యుండినగాని తుపాకి లేదు. ఆ దయ మా ముత్తాతగారికి లభించినది. 1857 జూలై 17వ తేదీన హైదరాబాదు రెసిడెన్సీపై తుర్రేబాజుఖాను, మౌల్వీ అల్లావుద్దీనులు దండెత్తిరి. 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు ఆయుధముల కొరకు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషనులను ముట్టడించెను. అట్టివారు తుపాకిని కొనుటకు రుసుము చెల్లించి రసీదు పుచ్చుకొనలేదు. మా పిస్తోలు ఎవరి పక్షమున నుండెనో దాని కాగితమే చెప్పుచున్నది. నేను వీరగాథయని వ్రాసినది నిజమే యైనను అది దొరను కాపాడిన కథ. అందులోని గర్వమెట్టిదని నేను నాడు ఆలోచింపనైతిని. గొట్టములోని గాడులు నేటికిని పదునుగా నున్నవి గనుక దానిని ఎక్కువగా కాల్చియుండరని మిస్త్రీ చెప్పెను. నాకు అదొక్కటి ఊరట.

మా మేనత్తగారికి ఎనుబది యైదేండ్లు దాటినవి. ఆమె యీ కథను ముత్తాతగారి నోటనే విన్నది. సంగతి యంతయు విని, "ఏమిరా, అయితే మా తాత అబద్ధమాడినాడంటావా?" అని గద్దించినది. నేను చిట్టా చూపితిని. ఆమె కండ్లద్దాలు పెట్టుకొని ఆ చేతివ్రాతను చాలసేపు చూచి, "ఇది తాత వ్రాతే" అని, కొంతసేపటికి, "పిల్లలం అన్నం తినమని మారాము చేస్తే చెప్పేవాడురా ఆ కథ" అన్నది.

రివాల్వరు ఇప్పటికిని వర్తకుని యినుప పెట్టెలోనే యున్నది; లైసెన్సు కొరకు దరఖాస్తు చేయుటయో, ప్రభుత్వమునకు అప్పగించుటయో ఇంట ఇంకను తేలలేదు. రజతోత్సవ ప్రదర్శనమునకు దానిని తెమ్మని యువకులడిగిరి గాని అది చట్టసమ్మతము కాదు. కనుక దాని ఛాయాచిత్రమును, ముద్రల పెద్దచిత్రమును, చిట్టా పుటయొక్క నకలును ఇచ్చితిని. లిఖితపత్రికలోని నా పాత వ్యాసమును చింపవద్దని కార్యదర్శిగారిని కోరి, దాని కెదురు పుటలో తప్పు దిద్దిన కాగితమొకటి అంటించి, తేదీ వేసి సంతకము చేసితిని.