రేడియో యాంప్లిఫయర్ దక్షత: పశ్చిమ ప్రకాశం నేపథ్యంగా ఒక చారిత్రక పరిశీలన

పశ్చిమ ప్రకాశంలో సమాచార వ్యవస్థ విస్తరణను టవర్ల సంఖ్యతో కొలవడం పరిపాటి. గిద్దలూరు–నంద్యాల కనుమదారికీ, యర్రగొండపాలెం, దోర్నాల మండలాల చెంచుగూడేలకూ సిగ్నల్ ఆలస్యం కావడానికి కారణాలు ఆ లెక్కలో దొరకవు. కొండలు, పలుచని జనాభా, అభయారణ్య నిబంధనలు అందరూ చెప్పేవే. వాటి సరసన మరొకటి చేర్చాలని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. అది బేస్ స్టేషన్‌లోని పవర్ యాంప్లిఫయర్ వృథా చేసే విద్యుత్తు.

ఈ సమస్య మొబైల్ ఫోన్ కంటే పాతది. 1948 డిసెంబరు 1న విజయవాడ ఆకాశవాణి కేంద్రం ప్రారంభమైంది. మీడియం వేవ్ ప్రసారాలలో ధ్వనిని బట్టి తరంగపు కంపన పరిమితి పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. యాంప్లిఫయర్‌ను మాత్రం అరుదుగా వచ్చే శిఖరానికి సరిపోయేలా నిర్మించాలి. ‘బి’ తరగతి యాంప్లిఫయర్ సైద్ధాంతిక దక్షత శిఖరం వద్ద 78.5 శాతం, కంపన పరిమితి సగానికి దిగితే అది 39 శాతమే. మిగిలినదంతా వేడి.

దీనికి అమెరికాలోని బెల్ ప్రయోగశాలల ఇంజనీరు విలియం డోహర్టీ 1936లో ఒక పరిష్కారం చూపాడు. ఒక వాల్వు నిరంతరం పనిచేస్తుంది. శిఖరాలు వచ్చినప్పుడే రెండోది తోడవుతుంది. కనుమ ఎక్కేటప్పుడు మాత్రమే బండికి అదనపు జత ఎడ్లను కట్టినట్టు. అప్పటికి 33 శాతం దగ్గర ఉన్న దక్షత 60 శాతం దాటింది. 1938లో లూయీవిల్ నగరంలోని 50 కిలోవాట్ల రేడియో కేంద్రం దీనిని వినియోగించింది.

తరువాత వచ్చిన సాంకేతికతలు ఈ ఆవశ్యకతను తగ్గించాయి. మార్కాపురం ఆకాశవాణి కేంద్రం ఎఫ్.ఎం.లో ప్రసారం చేస్తుంది. ఎఫ్.ఎం.లో మారేది పౌనఃపున్యమే. కంపన పరిమితి స్థిరం. కనుక యాంప్లిఫయర్‌ను ఎల్లవేళలా శిఖరం వద్దే నడపవచ్చు. రెండో తరం జీఎస్ఎం మాటల సంకేతానికీ ఇదే సౌలభ్యం ఉండేది. మూడు, నాలుగు తరాలతో పరిస్థితి తలకిందులైంది. 4జీలో వందలాది ఉపవాహకాలు కలిసినప్పుడు శిఖరం సగటు శక్తికి ఎనిమిది, పది రెట్లకు చేరగలదు. ఏ.ఎం. నాటి చిక్కు తిరిగివచ్చింది; దానితోపాటు డోహర్టీ కూడా తిరిగివచ్చాడు. ఈ పునరాగమనం సాంకేతిక చరిత్రను సరళరేఖగా చెప్పేవారికి మంచి అభ్యంతరం.

అడవిలో దీని అర్థమేమిటి? సగటున 40 వాట్లు ప్రసారం చేసే యాంప్లిఫయర్ దక్షత 25 శాతమైతే 160 వాట్లు తీసుకుంటుంది. 50 శాతమైతే 80 చాలు. తేడా రోజుకు దాదాపు రెండు యూనిట్లు. టవరుపై ఇలాంటివి అనేకం ఉంటాయి. విద్యుత్ లైను చేరని చోట సౌరఫలకాలు, బ్యాటరీలు, డీజిల్ ఎంత కావాలో నిర్ణయించేది ఇదే. వేసవిలో 40 డిగ్రీలు దాటే ప్రాంతంలో వృథా అయిన శక్తి వేడిగా మారి, పరికరాన్ని చల్లబరిచే భారాన్ని కూడా పెంచుతుంది.

డోహర్టీ పద్ధతికీ ఒక పరిమితి ఉంది. రెండు భాగాలను కలిపే తీగమార్గం పొడవు పావు తరంగదైర్ఘ్యం కావాలి. గాలిలో అది 700 మెగాహెర్ట్‌జ్ వద్ద 10.7 సెంటీమీటర్లు, 1800 వద్ద 4.2. అంటే ఒక పౌనఃపున్యానికి కుదిరినది మరొకదానికి కుదరదు. ఒకే టవరు అనేక బ్యాండ్లలో పనిచేయవలసిన నేడు విశాల బ్యాండ్ యాంప్లిఫయర్ రూపకల్పన అంతా ఈ ముడి చుట్టూనే తిరుగుతోంది. గేలియం నైట్రైడ్ ట్రాన్సిస్టర్ దీనిని కొంత సడలించింది. అంతే శక్తికి దాని అంతర్గత కెపాసిటెన్స్ తక్కువ కనుక, వెడల్పైన పట్టీ మీద దక్షతను నిలుపుకోవడం సులువు.

సిగ్నల్ లేని 24,680 గ్రామాలకు 4జీ అందించే 26,316 కోట్ల రూపాయల పథకాన్ని కేంద్ర మంత్రివర్గం 2022 జులైలో ఆమోదించి, బీఎస్ఎన్ఎల్‌కు అప్పగించింది. తేజస్ రేడియో పరికరాలు, సీ-డాట్ కోర్, టీసీఎస్ సమన్వయంతో రూపొందిన ఆ వ్యవస్థను స్వదేశీ అంటున్నాం. ఆ మాట సాఫ్ట్‌వేర్‌కూ, నిర్మాణానికీ వర్తిస్తుంది. ట్రాన్సిస్టర్ సంగతి విడిగా అడగాలి. బేస్ స్టేషన్ల శక్తి ట్రాన్సిస్టర్ల ప్రపంచ విపణిలో అధికభాగం విదేశీ సంస్థలదే. 150 వాట్ల వరకు గేలియం నైట్రైడ్ ట్రాన్సిస్టర్ల తయారీ ప్రక్రియను సిద్ధం చేసినట్టు డీఆర్‌డీవో 2024 నవంబరులో ప్రకటించింది. హైదరాబాదులోని గేటెక్‌లో పరిమిత ఉత్పత్తి మొదలైంది. ప్రస్తుతానికి ఆ ఉత్పత్తి ప్రధానంగా రక్షణ అవసరాలకు ఉద్దేశించినది.