మిగులు విద్యుత్తుకు నీటి నిల్వ

బూర్గంపాడు: మిట్టమధ్యాహ్నం మిగిలే సౌర విద్యుత్తు దీపాలు పెట్టే వేళకు అందదు. ఆ మిగులుతో దిగువ నీటిని ఎగువ జలాశయానికి తోడి, సాయంత్రం టర్బైన్ల మీదుగా వదలడమే పంప్డ్ స్టోరేజీ. నాలుగు యూనిట్లు ఖర్చు చేస్తే తిరిగి వచ్చేవి సుమారు మూడే. అయినా గిరాకీ వేళ ఆ మూడింటికే విలువ ఎక్కువ.

తెలుగు నేలకు ఈ విధానం కొత్తేమీ కాదు. నాగార్జునసాగర్ ప్రధాన విద్యుత్ కేంద్రంలోని ఎనిమిది యూనిట్లలో ఏడు నీటిని వెనక్కి తోడగలవు. శ్రీశైలం ఎడమగట్టున ఉన్న 150 మెగావాట్ల యూనిట్లు ఆరూ అటువంటివే. అయితే వదిలిన నీరు దిగువన నిలవకపోతే తోడేదేమిటి? సాగర్ యంత్రాలు టెయిల్‌పాండ్ కోసం ఏళ్ల తరబడి ఎదురుచూసింది అందుకే.

నంద్యాల జిల్లా పిన్నాపురంలోని 1,680 మెగావాట్ల పథకానికి నదిపై ఆనకట్ట లేదు. గోరకల్లు నీటితో ఒకసారి నింపే విడి జలాశయాల మధ్యే నీరు తిరుగుతుంది. ఆవిరైన మేరకు మళ్లీ పోస్తే సరి.

పోలవరం ముంపు కారణంగా 2014లో కొన్ని గ్రామాలను ఆంధ్రప్రదేశ్‌కు వదులుకున్న బూర్గంపాడు మండలానికి ఈ తేడా చిన్నది కాదు. గుట్టలు, గోదావరి, కిన్నెరసాని ఉన్నచోట ఇటువంటి ప్రతిపాదన ఎప్పుడు వచ్చినా మెగావాట్ల కన్నా ముందు ముంపు ఎకరాల లెక్క తేలాలి. షెడ్యూల్డ్ ప్రాంతంలో భూసేకరణకు ముందు గ్రామసభను సంప్రదించాలని 1996 నాటి పెసా చట్టం నిర్దేశిస్తోంది.