రాజీ కాగితాల్లో రాయనిది

మా నెల్లూరు జిల్లా పల్లెల్లో మొగుడూ పెళ్ళాల గొడవ కోర్టు దాకా వెళ్ళడం ఈ మధ్య అలవాటైంది గానీ, మా అమ్మ కాలంలో దాన్ని పెద్దల్లో పెట్టేవాళ్ళు. కూతురు దెబ్బలు తిని పుట్టింటికి వస్తే, తండ్రి నాలుగు రోజులు చూసి, తుండుగుడ్డ భుజాన వేసుకుని పెద్దమనుషుల ఇళ్ళకు తిరిగేవాడు. ఏ రామాలయం అరుగు మీదో అందరూ కూర్చునేవాళ్ళు. మగవాళ్ళు మాట్లాడేవాళ్ళు. ఆ పిల్ల స్తంభం చాటున తల వంచుకుని నిలబడేది. పొద్దు వాలేసరికి కాగితం రాయించి, కాపురానికి పంపించేవాళ్ళు.

తర్వాత కుటుంబ సలహా కేంద్రంలో పనిచేసిన ఏళ్ళలో ఆ రాజీ కాగితాలు నా చేతికి చాలా వచ్చాయి. కొన్ని తెల్లకాగితాలు, కొన్ని స్టాంపు కాగితాలు. "ఇకమీదట కొట్టను, తిట్టను" అని అతను. "చెప్పకుండా పుట్టింటికి వెళ్ళను" అని ఆమె. కింద సాక్షుల సంతకాలు, వేలిముద్రలు. రెండు మాటలనూ పక్కపక్కన సమానంగా రాసేవాళ్ళు. అతను వదులుకునేది కొట్టే అలవాటు, ఆమె వదులుకునేది తప్పించుకునే దారి. అంతకు ముందు అతను ఏం చేశాడో, ఎన్నిసార్లు చేశాడో, ఏ మాట అని బెదిరించాడో ఆ కాగితాల్లో ఒక్క ముక్క ఉండేది కాదు. పరువు పోతుందని రాయించేవాళ్ళు కాదు.

ఆ మౌనం వెనక ఒక నమ్మకం ఉంది. మగవాడికి ఒళ్ళు తెలియని కోపం వస్తుంది, ఆ క్షణం దాటితే మామూలు మనిషవుతాడు అన్నది ఆ నమ్మకం. పల్లెటూరి పెద్దలే కాదు, చట్టం కూడా అలాగే ఆలోచించింది. 1860 నాటి భారత శిక్షాస్మృతిలో, తీవ్రంగానూ హఠాత్తుగానూ రెచ్చగొడితే నిగ్రహం తప్పి చంపినవాడిది హత్య కిందికి రాదని 300వ సెక్షన్లో మొదటి మినహాయింపే ఉండేది. దాని మీద పేరుమోసిన తీర్పు రాసింది రాజమండ్రిలో పుట్టిన సుప్రీంకోర్టు న్యాయమూర్తి కోకా సుబ్బారావు గారు. 1959 ఏప్రిల్ 27న బొంబాయిలో నౌకాదళ అధికారి నానావతి, తన భార్యతో సంబంధం పెట్టుకున్న అహుజాను కాల్చి చంపాడు. భార్యాపిల్లలను సినిమా హాలు దగ్గర దింపి, ఓడకు వెళ్ళి రివాల్వర్ తీసుకుని, అతని ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళాడు. ఇల్లు వదిలింది మధ్యాహ్నం ఒకటిన్నరకు, హత్య నాలుగుంబావు దాటాక. మనసు చిక్కబట్టుకోవడానికి ఆ మూడు గంటలు చాలునని 1961 నవంబరులో సుప్రీంకోర్టు తేల్చింది. అక్కడ చనిపోయింది భార్య కాదు. అయినా ఆ తీర్పు నాకు పనికొచ్చింది. ఆవేశాన్ని గడియారం పెట్టి కొలవచ్చని అది చూపించింది. భార్యల చావుల్లో ఆ కొలత గంటల్లో సరిపోదు, ఏళ్ళలో తీయాలి.

ఏళ్ళలో తీయడం చట్టానికి 1983 దాకా తెలియలేదు. అప్పటికి పేపర్లలో పంపు స్టవ్ పేలి చనిపోయిన కోడళ్ళ వార్తలు మామూలైపోయాయి. స్టవ్ అత్తకు పేలదేం, ఆడబిడ్డకు పేలదేం అని మహిళా సంఘాలు వీధుల్లో అడిగాక, భర్తా అతని బంధువులూ పెట్టే హింసను నేరం చేస్తూ 498ఏ సెక్షన్ వచ్చింది. పెళ్ళయిన ఏడేళ్ళలోపు ఆడది అనుమానాస్పదంగా చనిపోతే మేజిస్ట్రేటు హోదా ఉన్న అధికారి శవ పంచనామా చేయాలన్నారు. మా దగ్గర ఎమ్మార్వో వచ్చేవారు. 1986లో వరకట్న మరణానికి 304బి చేర్చారు. శవం నుంచి వెనక్కి నడిచి ఆ ఇంట్లో ఏం జరిగిందో అడగడం అప్పుడు మొదలైంది. చావుకు ముందే అడగడం మాత్రం అప్పటికి ఇంకా మొదలవలేదు.

ఆ పని అదే కాలంలో అమెరికాలో ఒక నర్సు మొదలుపెట్టింది. ఆమె పేరు జాక్వెలిన్ క్యాంప్‌బెల్. 1985లో ఆమె ఒక ప్రశ్నల పట్టీ తయారుచేసింది. ముందు ఆ స్త్రీ చేతికి క్యాలెండర్ ఇస్తారు. గడిచిన ఏడాదిలో దెబ్బలు తిన్న రోజులు గుర్తుపెట్టమంటారు. తర్వాత ప్రశ్నలు. గొంతు పిసికాడా? చంపుతానన్నాడా? ఇంట్లో ఆయుధం ఉందా? ప్రతిదానికీ అనుమానమా? ఎక్కడికి వెళ్ళాలో, ఎవరితో మాట్లాడాలో తనే నిర్ణయిస్తాడా? చచ్చిపోతానని బెదిరించాడా? విడిపోయారా? ఆమె తోటి పరిశోధకులు 2008లో ప్రచురించిన లెక్క ప్రకారం, అంతకు ముందు ఒకసారి గొంతు పిసికినవాడి చేతిలో ఆ స్త్రీ హత్యకు గురయ్యే ప్రమాదం ఏడు రెట్లు ఎక్కువ.

ఇది చదివినప్పుడు నాకు మా కేంద్రంలో ఆడవాళ్ళు చెప్పిన మాటలు వరసగా గుర్తుకొచ్చాయి. "పీక పట్టుకున్నాడక్కా, అంతే, మళ్ళీ వదిలేశాడు" అనేవాళ్ళు. చేయి విరిగితే చూపించేవాళ్ళు గానీ, మెడ మీద ఏ గుర్తూ లేకపోతే అది దెబ్బ కిందే లెక్కవేసేవాళ్ళు కాదు. క్యాలెండర్ గొప్పతనం కూడా ఇక్కడే ఉంది. "ఎప్పుడో ఒకసారి" అన్న మనిషి, పండగలూ పిల్లల పుట్టినరోజులూ పట్టుకుని వెనక్కి లెక్కపెడితే తానే నిర్ఘాంతపోతుంది.

మరి అతని మనసులో ఏం జరుగుతుంది? పెద్దలు అనుకున్నట్టు పట్టు తప్పడం వల్ల కొట్టేవాడైతే దారిన పోయేవాళ్ళనూ కొట్టాలి, పై అధికారినీ కొట్టాలి. అక్కడ చేయి లేవదు. ఆమె మీద పట్టు జారిపోతుందన్న భయమే అతన్ని నడిపిస్తుంది. ఆమె కూలికి వెళ్ళినా, ఫోన్లో నవ్వినా, అక్క ఇంటికి వెళ్తానన్నా ఆ భయం లేస్తుంది. మొదట బతిమాలతాడు, ఏడుస్తాడు, నువ్వు లేకపోతే పురుగుల మందు తాగుతానంటాడు. ఆ కన్నీళ్ళు చూసి పెద్దమనుషులు కరిగిపోయేవాళ్ళు. నర్సు పట్టీలో మాత్రం అది ప్రమాద సూచన. ఇంగ్లండులో నేరశాస్త్ర పరిశోధకురాలు జేన్ మాంక్టన్ స్మిత్ 2019లో 372 హత్యలను పరిశీలించి, వాటిలో ఎనిమిది మెట్లు చూపించింది. వాటిలో కొన్ని: అధికారం చెలాయించడం, ఆమె వెళ్ళిపోవడమో వెళ్తాననడమో, బెదిరింపులు పెరగడం, తర్వాత అతని ఆలోచనే మారిపోవడం, పథకం వేసుకోవడం. చివరి మెట్టు హత్య. ఇందులో క్షణంలో జరిగిపోయిందేదీ లేదు.

విడిపోయిన సమయమే అన్నిటికన్నా ప్రమాదమని ఈ అధ్యయనాలు చెబుతున్నాయి. మన రాజీలన్నీ సరిగ్గా ఆ సమయంలోనే జరిగాయి. ఆమె పుట్టింట్లో ఉన్నప్పుడు, అతను రగిలిపోతున్నప్పుడు, ఒక కాగితం చేతిలో పెట్టి ఆమెను అదే గదిలోకి పంపాం.

మా జిల్లా ఆడవాళ్ళు తమంతట తాము వెతికిన పరిష్కారం సారా వ్యతిరేక ఉద్యమం. అక్షరాలు నేర్చుకుంటూ నేర్చుకుంటూ దూబగుంట ఆడవాళ్ళు సారా దుకాణం మూయించారు. 1993 అక్టోబర్ 1న రాష్ట్రమంతా సారా నిషేధించారు. దెబ్బలు తిన్నవాళ్ళే దెబ్బలకు కారణం చెప్పి ప్రభుత్వం మెడలు వంచిన ఆ రోజులంటే నాకు చెప్పలేనంత గౌరవం. అయినా ఒక మాట అనక తప్పదు. సారా చేయి లేపించింది, అనుమానం అంతకు ముందే ఉంది. ఒక్క చుక్క ముట్టని మగవాళ్ళ భార్యలు కూడా మా కేంద్రానికి వచ్చారు.

తర్వాత అరుగు పోలీస్ స్టేషన్‌లోకి, కోర్టులోకి వచ్చింది. 498ఏ కేసుల్లో కోర్టు అనుమతితో రాజీ పడవచ్చని 2003లో ఆంధ్రప్రదేశ్ చట్టం సవరించుకుంది. దరఖాస్తు పెట్టాక కనీసం మూడు నెలలు ఆగాలని షరతు పెట్టారు. ఆ మూడు నెలలు ఆమె ఎక్కడ, ఎవరి రక్షణలో ఉండాలన్నది అసలు ప్రశ్న. దానికి కొంత జవాబు 2005 నాటి గృహహింస చట్టంలో ఉంది. ఇంట్లో ఉండే హక్కు, రక్షణ ఉత్తర్వు, వాటితోపాటు నియమాల్లో ఐదో ఫారం. ఏం జరుగుతుందని భయపడుతోంది, దాన్ని ఆపడానికి ఏం కావాలి అని ఆమెనే అడిగే భద్రతా ప్రణాళిక అది. నాకు తెలిసినంతలో, జరగబోయేదాని గురించి ఆడదాన్ని నోరు తెరిచి అడిగిన మొదటి సర్కారు కాగితం అదే. అది నింపడానికి అరగంట పట్టదు. నేను చూసిన చాలా ఫైళ్ళలో అది ఖాళీగానే ఉంది.

మీ ఇంటి ఆడపిల్ల తిరిగొస్తే పెద్దలను పిలిచే ముందు ఆమెను ఒంటరిగా కూర్చోబెట్టి అడగండి. గొంతు పట్టుకున్నాడా, చంపుతానన్నాడా, చస్తానన్నాడా అని. ఒక్కదానికి అవునన్నా రాజీ మాట ఆపండి. మహిళా హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేయండి, గృహహింస చట్టం కింది రక్షణ అధికారి దగ్గర ఐదో ఫారం అడిగి నింపించండి. అతను మాట్లాడాలంటూ వస్తే ఆమెను ఒంటరిగా బయటికి పంపకండి.